రీసేల్ ఫ్లాట్ అమ్మించడం – 5వ పాఠం: పార్టీ వచ్చేలోపు సామాను సర్దించడం

గత పాఠంలో ఫ్లాటుకు ఫొటోలు తీయడం నేర్చుకున్నాం. ఆ అభ్యాసం చేసినవాళ్ళకు ఒకటి అర్థమై ఉంటుంది. వెలుతురు ఎంత బాగున్నా సరే, సోఫా వెనక పాత పేపర్ల కట్టలు, ఫ్రిజ్ మీద డబ్బాలు, గోడ నిండా పెళ్ళి ఫొటోలు ఉంటే ఫొటోలో ఇల్లు కనిపించదు, సంసారం కనిపిస్తుంది. ఆ సంసారంలో సగాన్ని, కొనే పార్టీ రాకముందే అట్టపెట్టెల్లోకి ఎక్కించమని ఓనర్లను ఒప్పించడం ఈ వారం పాఠం. మన ఏజెంట్ల పనిలో మాటతీరు అన్నిటికంటే ఎక్కువ అవసరమయ్యేది ఇక్కడే. ధర తగ్గించమంటే ఓనరు మనతో బేరమాడతాడు. గోడ మీది ఫొటో తీయమంటే నొచ్చుకుంటాడు.

ముందు ఆయన వైపు నుంచి చూడండి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మల్కాజ్‌గిరి లాంటి చోట్ల అమ్మకానికి వచ్చే పాత ఫ్లాట్లలో ఒకే కుటుంబం పదిహేను, ఇరవై ఏళ్ళు కాపురమున్నవి చాలా ఉంటాయి. బెడ్‌రూమ్ తలుపు పక్కన పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలుంటాయి. వంటింట్లో క్యాలెండర్ మీద పాలు రాని రోజులకు చుట్టిన సున్నాలుంటాయి. అటక మీద పెళ్ళినాటి స్టీలు బిందెలు, వాటి మీద పేర్లు, తేదీ చెక్కి ఉంటాయి. ఇల్లు అమ్ముతున్నామని వాళ్ళు నోటితో చెప్పారు గానీ, మనసు ఇంకా ఆ మాట దాకా రాలేదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక దంపతుల ఇంట్లో, "సర్, సామాను మరీ ఎక్కువుంది, పార్టీకి నచ్చదు, కొంచెం తీసేయండి" అన్నాను. అంతకు పది నిమిషాల ముందే ఆవిడ నాకు కాఫీ ఇచ్చారు. నా మాట విని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు, మళ్ళీ బయటికి రాలేదు. వారం తర్వాత ఆ ఫ్లాటు ఇంకో ఏజెంటు చేతికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళు ఆవిడ నడిపిన ఇంటిని నేను ఒక్క ముక్కలో తీసిపారేశాను. తప్పు నాదే.

అందుకే ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన పద్ధతి ఒక్కటే. వస్తువును తీయమని అడగకండి, అది ఎక్కడికి వెళ్తుందో అడగండి. "ఈ షోకేసు తీసేద్దామా?" అంటే కాదనే అంటారు. "మీరు వెళ్ళే ఇంట్లో ఈ షోకేసు ఎక్కడ పెడదామనుకుంటున్నారు?" అంటే ఆలోచనలో పడతారు. ఆ ఇంట్లో దానికి చోటుంటే, "అయితే ముందు ఇందులో బొమ్మలు, షీల్డులు జాగ్రత్తగా కట్టేద్దాం, చివర్లో హడావిడిలో పగిలిపోతాయి" అని చెప్పవచ్చు. చోటు లేకపోతే, "ఇది ఎవరికిద్దాం?" అన్న ప్రశ్న వాళ్ళ నోటి నుంచే వస్తుంది. రెండు దారుల్లోనూ పెట్టె కట్టడం మొదలవుతుంది, మనం ఎవరినీ తక్కువ చేయకుండానే.

ఒక సంఘటన చెప్తాను. కూకట్‌పల్లిలో రెండో అంతస్తులో ఫ్లాటు. ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగా భర్త ఫొటో, చందనం దండ, చిన్న ఎర్ర బల్బు. చూడడానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు గుమ్మంలోనే చూపులు మార్చుకున్నారు. బయటికొచ్చాక ఒకాయన, "ఇంట్లోనే పోయారా?" అని అడిగాడు. హాస్పిటల్లో అని ఉన్న మాట చెప్పాను. కానీ అప్పటికే ఆయన ఇల్లు చూడడం మానేశాడు.

మర్నాడు నేనొక్కణ్ణే వెళ్ళాను. వ్యాపారం ఎత్తలేదు. "అమ్మా, ఆదివారం నాలుగు కుటుంబాలు వస్తున్నాయి. సార్ ఫొటో ముందే నిలబడి ధర తగ్గించమంటారు, గోడలు బాగాలేవంటారు. అవన్నీ ఆయన ముందు అనిపించడం నాకే కష్టంగా ఉంది. మీరు వెళ్ళబోయే ఇంట్లో ఆయన ఫొటో ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగాను.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మాయి వాళ్ళింట్లో నాకొక గది ఇస్తామన్నారు బాబూ. తూర్పు గోడకి ఖాళీ ఉంది" అన్నారు. ఇంకాసేపటికి ఆవిడే, "పోనీ, ఆయన్నే ముందు పంపిస్తాను. నేను వెళ్ళేసరికి అక్కడ ఉంటారు" అన్నారు. నేను స్టూలు పట్టుకుంటే ఆవిడే ఎక్కి ఫొటో దింపుకున్నారు. కొంగుతో అద్దం తుడిచి పాత పట్టుచీరలో చుట్టారు. గోడ మీద ఫొటో ఉన్న మేర రంగు వెలవకుండా పలకలా మిగిలింది. దాని మీద అరచేయి పెట్టి కొంచెంసేపు నిలబడ్డారు. నేను బాల్కనీలోకి వెళ్ళాను. అలాంటప్పుడు మనం పక్కకు తప్పుకోవాలి. మేకు పీకి లప్పం పెట్టించే పని రెండు రోజులు ఆగినా నష్టం లేదు.

ఇక్కడొక హద్దు ఉంది. ఫొటో తీయించడం ఏదో దాచడానికి కాదు. పార్టీ సూటిగా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అబద్ధంతో తీసుకున్న టోకెన్ అడ్వాన్స్ రిజిస్ట్రేషన్ దాకా నిలవదు, నిలిచినా మన పేరు నిలవదు.

సామాను ఎందుకు సర్దాలో ఓనరుకు కారణం చెప్పాలి. అందంగా ఉంటుందని చెప్పకండి, ఎవరూ వినరు. మొదటి కారణం చదరపు అడుగులు. రీసేల్‌లో 1,150 చదరపు అడుగుల ఫ్లాటు అంటే మెట్లు, లిఫ్టు, కారిడార్లలో వాటా కలిపిన లెక్క. లోపల నడిచే నేల అంతకంటే బాగా తక్కువ. 2016 రెరా చట్టం (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే నేల, ఏమిటో నిర్వచించినప్పటి నుంచి కొనేవాళ్ళు ఆ మాట పట్టుకునే వస్తున్నారు. వాళ్ళు టేపుతో కొలవరు, కళ్ళతో కొలుస్తారు. గోడ వారగా బీరువా, దాని పక్కన కుట్టుమిషను, దాని మీద దుప్పట్ల మూట ఉంటే వాళ్ళ కంటికి ఆ గది రెండడుగులు చిన్నదవుతుంది. "సర్, మీరు డబ్బు పెట్టి కొన్న నేలను మీ సామానే కప్పేస్తోంది" అంటే లెక్క తెలిసిన ఓనరుకు వెంటనే ఎక్కుతుంది.

రెండోది కప్‌బోర్డులు. మనవాళ్ళు ఇల్లు చూడడానికి వస్తే భార్యాభర్తలే రారు. అత్తగారు, బావమరిది, కొన్నిసార్లు వాస్తు తెలిసిన పెద్దమనిషి కూడా వస్తారు. వుడ్‌వర్క్‌కు ధర కట్టాలి కాబట్టి తలుపులు తెరిచి చూస్తారు, అది వాళ్ళ తప్పు కాదు. తెరవగానే చీరలు మీద పడితే, ఈ ఇంట్లో సామాను పట్టదన్న మాట అత్తగారి మనసులో నాటుకుపోతుంది. ప్రతి కప్‌బోర్డులో మూడో వంతు ఖాళీ చేయించండి చాలు.

వాస్తు కూడా అంతే, మనం నమ్మినా నమ్మకపోయినా. ఈశాన్యం మూల బరువు ఉండకూడదని వచ్చేవాళ్ళకు తెలుసు, ఓనరుకూ తెలుసు. అయినా బియ్యం బస్తానో, పాత కూలరో సరిగ్గా అక్కడే ఉంటుంది. గుర్తు చేస్తే ఓనరే నవ్వి జరిపేస్తారు.

అన్నిటికంటే గట్టి కారణం భద్రత. దీన్ని భయపెట్టేలా కాకుండా ఇంటి మనిషిలా చెప్పాలి. మనం తీసుకొచ్చేది కొత్తవాళ్ళను. కొడుకు గ్రాడ్యుయేషన్ ఫొటో, కోడలితో అమెరికాలో దిగిన ఫొటో, ఫ్రిజ్ మీద మందుల చీటీ చూస్తే ఇక్కడ వయసు మళ్ళినవాళ్ళు ఒంటరిగా ఉంటున్నారని అర్థమైపోతుంది. వెండి కుందులు, నగలు, పాస్‌పోర్టులు, సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు అంతకుముందు చేతులు మారిన పాత పత్రాలు) మొదటి విజిట్‌కు ముందే ఇంట్లోంచి లాకర్‌కో, కూతురింటికో వెళ్ళిపోవాలి. ఇందులో మొహమాటపడకండి. పెద్దవాళ్ళ ఇల్లయితే ఇది జరిగేదాకా నేను పార్టీని తీసుకెళ్ళను.

దేవుడి గది జోలికి మాత్రం వెళ్ళకండి. దీపం మసి తుడిపించండి, ఎండిన మామిడాకుల తోరణం మార్పించండి. పటాలు తీయమని అడిగిన ఏజెంటును ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ నమ్మరు, నా దృష్టిలో నమ్మకూడదు కూడా.

ఇక వరస. జ్ఞాపకం లేని వస్తువులతో మొదలుపెట్టించండి. పాత పేపర్లు, ఖాళీ సీసాలు, పండగలకొచ్చిన స్వీటు డబ్బాలు, సంచీల్లో కుక్కిన సంచీలు. తర్వాత నెలకోసారి కూడా వాడని వంటసామాను. ఫొటోలు, పిల్లల వస్తువులు ఆఖరున. వెళ్ళేటప్పుడు నాలుగు అట్టపెట్టెలు, టేపు, మార్కరు మీరే తీసుకెళ్ళండి. మెడికల్ షాపులో అడిగితే గట్టి పెట్టెలు దొరుకుతాయి. మీరుండగానే ఒక్క పెట్టె నిండాలి. పెట్టె మీద నంబరు వేసి, లోపల ఏముందో ఒక నోట్‌బుక్‌లో ఓనరు చేతే రాయించండి. వస్తువు పోలేదు, ఫలానా పెట్టెలో ఉంది అని కాగితం మీద కనిపిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. వాళ్ళ వస్తువును మీరు ముట్టుకోకండి, అందించమంటేనే అందించండి.

కట్టిన పెట్టెలు హాల్లో పేర్చవద్దు. అవి చూస్తే, వీళ్ళకు తొందరగా ఉంది అని పార్టీ లెక్కేసుకుని ధర కిందికి లాగుతుంది. ఒక బెడ్‌రూమ్‌లో నైరుతి మూల వరసగా పేర్చి దుప్పటి కప్పండి. మరీ ఎక్కువైతే బంధువుల ఇంటికి పంపవచ్చు. నెల అద్దెకు సామాను దాచే గోడౌన్లు కూడా నగరంలో ఉన్నాయి.

మీకు తప్పకుండా ఎదురయ్యే అభ్యంతరం శకునం. "ఇల్లు అమ్ముడుపోకముందే సామాను కడితే ఎలా?" అంటారు. వాదించకండి. దానికి మన ఇళ్ళలో వేరే మాట ఉంది కదా, దులుపుకోవడం. "ఖాళీ చేయడం కాదమ్మా, భోగికి ముందు దులుపుకుంటాం కదా, అలాగే" అనండి. ఆషాఢంలో టోకెన్ ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు, శ్రావణం రాగానే ఫోన్లు మొదలవుతాయి. ఆ ఆషాఢం నెలంతా సర్దుకోవడానికే అనుకోమనండి.

ఇంకొకటి. డల్లాస్ నుంచో సిడ్నీ నుంచో కొడుకు వీడియో కాల్‌లో, "అవన్నీ పారేయండి నాన్నా" అంటాడు. మన పని సులువవుతుందని ఆ అబ్బాయి వైపు మాట్లాడకండి. ఆ పూటకు ఫోను పెట్టేయనిచ్చి, తర్వాత నాన్నగారితో, "మీకు ఏవి కావాలో ముందు అవి విడిగా పెడదాం సర్" అనండి. ఉంచుకునేవి ఖాయమయ్యాకే మిగతావి వదలడానికి మనసొప్పుతుంది. నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఇలాగే జరిగింది.

ఈ వారం అభ్యాసం: ముందు మీ ఇంట్లోనే ఒక గదిలో చేయండి. మీరు ఎన్నాళ్ళుగానో దాచుకున్న ఒక వస్తువును చేతిలోకి తీసుకోండి. దాన్ని తీసేయమని ఇంట్లో ఎవరిచేతనైనా అడిగించుకోండి. తర్వాత, ఇది ఎక్కడ పెట్టుకుంటావు అని అడిగించుకోండి. రెండుసార్లూ మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట రాసిపెట్టుకోండి. ఆ తర్వాతే ఓనరు దగ్గరికి వెళ్ళండి.

వచ్చే పాఠం: ఫ్లాటులో ఓనరు కాకుండా అద్దెకున్నవాళ్ళు ఉంటే పార్టీని ఎలా తీసుకెళ్ళాలి.