లేజర్ మాడ్యూల్‌ను కలిపేముందు, బిగించేముందు

ఇత్తడి గొట్టం, రెండు సన్నటి తీగలు, 650 నానోమీటర్ల ఎర్ర చుక్క. చూడ్డానికి ఎల్‌ఈడీ అంత అమాయకంగా ఉంటుంది, అక్కడే చెయ్యి కాలుతుంది.

చవక మాడ్యూళ్లలో చాలావాటి లోపల కరెంటును అదుపుచేసే సర్క్యూట్ ఉండదు, ఒక్క రెసిస్టర్ ఉంటుంది. అది 91 ఓమ్‌లనుకోండి. డయోడ్ మీద 2.2 వోల్టులు పోగా, 5 వోల్టుల సప్లైకి దాదాపు 31 మిల్లీఆంపియర్లు పారతాయి. అదే 6 వోల్టులిస్తే 42. ఆ తేడాను ఎల్‌ఈడీ తట్టుకుంటుంది గానీ లేజర్ డయోడ్ తట్టుకోదు, వెలుగు బయటికొచ్చే ముఖం క్షణంలో దెబ్బతింటుంది. ఆ తర్వాత కూడా మసగ్గా ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది కాబట్టి, ఫోకస్ పోయిందేమోనని లెన్స్ తిప్పుతూ కూర్చుంటారు. తిప్పి లాభం లేదు, డయోడ్ పోయింది.

బటన్ సెల్స్‌తో నడిచే పాయింటర్‌ను విప్పి వాడితే ఇంకా జాగ్రత్త. కొన్నిటిలో కరెంటును ఆపేది ఆ సెల్స్ అంతర్గత నిరోధమే. వాటి బదులు అడాప్టర్ పెడితే ఆ అడ్డు పోతుంది. 4.5 వోల్టులకైతే ముందు 100 ఓమ్‌లు సిరీస్‌లో పెట్టి, మీటర్‌లో కరెంటు చూడండి. 23 మిల్లీఆంపియర్ల దగ్గర ఉండాలి. చుక్క సరిపోతే ఇక రెసిస్టర్ విలువ తగ్గించొద్దు.

ఆర్డునో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు) పిన్‌కు నేరుగా కలపొద్దు. అందులో ఊనో ఆర్3 మోడల్ పిన్‌కు హాయైన కరెంటు 20 మిల్లీఆంపియర్లే. మధ్యలో స్విచ్‌లా 2ఎన్2222 ట్రాన్సిస్టర్, దాని బేస్‌కు 1 కిలో ఓమ్ పెట్టండి. అదే సప్లై మీద మోటారో రిలేనో ఉంటే, వోల్టేజి కుదుపులు తగలకుండా మాడ్యూల్ పక్కనే 100 మైక్రోఫారడ్‌లు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు కావాలి.

బిగించేముందు ఎర్ర తీగకూ గొట్టానికీ మధ్య కంటిన్యుటీ (లోపల కలిసి ఉన్నాయా అని) మీటర్‌తో చూడండి. చాలావాటిలో గొట్టమే పాజిటివ్; గ్రౌండ్ అయిన ఇనుప చట్రానికి తగిలిందా, షార్టే. ఇన్సులేషన్ టేపు చుట్టాలి. సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి లెన్స్ మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. హాట్ గ్లూ వేడికి మెత్తబడుతుంది: అర డిగ్రీ జారితే 5 మీటర్ల దూరంలో చుక్క 4 సెంటీమీటర్లకు పైగా పక్కకు పోతుంది. 6 మిల్లీమీటర్ల రంధ్రమున్న ప్లాస్టిక్ దిమ్మ, పక్కనుంచి ఒక స్క్రూ చాలు. గొట్టం నొక్కుకుపోయేలా బిగించకండి.

5 మిల్లీవాట్లన్న లేబుల్‌ను నమ్మొద్దు. కూర్చున్నవాళ్లకూ నిలబడ్డవాళ్లకూ కంటి ఎత్తులో కిరణం పోనివ్వకండి, చివర మెరుపు లేని నల్ల అట్ట పెట్టండి. వెలిగిందో లేదో కాగితం అడ్డుపెట్టి చూడాలి గానీ గొట్టంలోకి తొంగి చూడకూడదు. ఆకుపచ్చ పాయింటర్లలో కొన్నిటి నుంచి కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కూడా వస్తుంది, వాటిని ఇలాంటి పనులకు వాడకపోవడమే మేలు.