స్టీరింగ్‌కి రాడ్ ఎండ్ కొనే ముందు

తలకోన వైపు రాళ్ల దారుల్లో, చిత్తూరు చుట్టుపక్కల క్వారీల్లో జీపు తిప్పేవాళ్లకి ఒక మాట. స్టీరింగ్ లింకేజీకి (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే రాడ్లకి) రాడ్ ఎండ్, అంటే రాడ్ చివర బిగించే, లోపల బాల్ తిరిగే జాయింట్, వేయిస్తుంటే మెరుపు చూసి కొనకండి. బాడీ క్రోమోలీ స్టీల్‌దేనా (క్రోమియం, మాలిబ్డినం కలిపిన గట్టి ఉక్కు) అని ముందు అడగండి. నాసిరకంది అయితే చక్రం బండకి గుద్దుకున్నప్పుడు మెడ దగ్గర పుటుక్కుమంటుంది.

అంతకన్నా ముఖ్యం కోణం. బండిని జాకీ మీద లేపి, సస్పెన్షన్ పూర్తిగా వేలాడుతుండగా స్టీరింగ్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పండి. జాయింట్ బాడీ ఎక్కడైనా బ్రాకెట్‌కి ఆనుతోందా? ఆనితే ఎంత ఖరీదైనదైనా వంగి తెగుతుంది. బాల్‌కి రెండు పక్కలా మిస్‌అలైన్‌మెంట్ స్పేసర్లు (జాయింట్ ఎక్కువ కోణం తిరిగేలా చోటిచ్చే బుష్‌లు) పెట్టించండి. బోల్టుని బ్రాకెట్ రెండు వైపులా పట్టుకోవాలి. అలా కుదరకపోతే బాల్ కూర్చునే రంధ్రం కంటే పెద్ద వాషర్ తప్పకుండా వేయండి, బాల్ ఊడినా రాడ్ జారిపోదు.

రాడ్ ఎండ్ థ్రెడ్ దాని వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు రాడ్ లోపలికి ఎక్కాలి, అంటే 18 మి.మీ. థ్రెడ్‌కి 27 మి.మీ. ఒక చివర ఎడమ థ్రెడ్ ఉంటే రాడ్‌ని విప్పకుండానే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేసుకోవచ్చు. థ్రెడ్ వదులవకుండా పట్టే లాక్ నట్ మాత్రం మర్చిపోవద్దు.

మన ఎర్రమట్టి దుమ్ముకి రబ్బరు సీల్ ఉండాల్సిందే. టెఫ్లాన్ లైనర్ (బాల్ చుట్టూ ఉండే జారుడు పొర) ఉన్నవాటికి గ్రీజు పూయకండి, దుమ్ము అంటుకుని లైనర్ అరిగిపోతుంది. రోజూ తిరుపతి–చిత్తూరు రోడ్డు మీద తిరిగే బండికైతే రబ్బరు బూటు (దుమ్ము చొరబడకుండా కాపాడే తొడుగు) ఉన్న మామూలు టై రాడ్ ఎండే మేలు.