నర్సింగ్ సీటుకు లోన్ తీసుకునే ముందు జీతం స్లిప్ చూడండి

మా చిన్నమ్మ కూతురు ఇంటర్ బైపీసీ పాసై, ఒక కాలేజీ బ్రోచర్ పట్టుకుని మౌలాలిలో మా ఇంటికొచ్చింది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, ఏడాదికి లక్ష ఫీజు. "అక్కా, బ్యాంకు లోన్ ఇస్తుందంట, ఉద్యోగం గ్యారంటీ అంట" అంది. నేను పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఉద్యోగం దొరుకుతుంది, అది నిజమే. ఎంత జీతానికి దొరుకుతుందో బ్రోచర్‌లో ఉండదు. ఆ రాత్రి మేమిద్దరం కూర్చుని వేసిన లెక్కే ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో పిల్లలకూ ఇలాగే వేసుకోండి.

ముందు జీతం తెలుసుకోవాలి, అప్పు సంగతి ఆ తర్వాత. అమెరికాలోనే పుట్టి పెరిగిన మా ఆడపడుచు కూతురు అక్కడి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల నర్సింగ్‌లో చేరాలనుకున్నప్పుడు, కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ తెరిచి చూసుకుంది. ఏ కాలేజీలో ఏ కోర్సు చదివినవాళ్లకు ఎంత అప్పు మిగిలింది, తర్వాత ఎంత సంపాదిస్తున్నారు అన్నవి అందులో ఉంటాయి. మన దగ్గర కాలేజీ వాళ్లు చెప్పిందే వినాల్సి వస్తుంది కాబట్టి ఆ పని మనమే చేయాలి.

ఎలాగంటే, ఆ కాలేజీ పిల్లలు పనిచేసే ఆస్పత్రి ఏదో కనుక్కుని, మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారే వేళకు గేటు దగ్గరికి వెళ్లండి. బయటికొచ్చే అమ్మాయిల్లో కిందటేడాది చేరినవాళ్లను పలకరించండి. "జీతం ఎంత" అని కాదు, "చేతికి ఎంత వస్తుంది, ఏ తేదీన వస్తుంది" అని అడగండి. పీఎఫ్ కడుతున్నారా, నైట్ డ్యూటీకి విడిగా ఏమైనా ఇస్తారా, మానేస్తే డబ్బు కట్టాలని సంతకం పెట్టించుకున్నారా అనీ అడగండి. ముగ్గురిని అడిగితే చాలు, బ్రోచర్ అవసరం ఉండదు.

మా వార్డులో ఈమధ్యే చేరిన అమ్మాయి స్లిప్‌లో 19,000 ఉంది. బేసిక్ 12,000 మీద పీఎఫ్ 1,440, ఈఎస్ఐ 143, వృత్తి పన్ను 150 పోగా చేతికి 17,267. ఎస్సార్‌నగర్‌లో ముగ్గురుండే గదిలో హాస్టల్‌కు 6,500. ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం కాబట్టి ఆ ఖర్చు తప్పింది. ఫోను, మందులు, బట్టలు, పండక్కి ఊరెళ్లడం కలిపి 2,500 వేసుకుందాం. ఇంకా 8,267 మిగులుతుంది. ఈఎంఐ కట్టాల్సింది ఇందులోంచే.

ఇప్పుడు లోన్. ఏడాదికి లక్ష చొప్పున నాలుగు లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుకునే కాలం, ఆ తర్వాత ఒక ఏడాది కట్టనక్కర్లేదని బ్యాంకు చెబుతుంది. కానీ వడ్డీ ఆగదు. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ 50,000, రెండోదానికి 40,000, మూడోదానికి 30,000, నాలుగోదానికి 20,000. కట్టడం మొదలుపెట్టే రోజుకు బాకీ 5,40,000. పదేళ్లలో తీరుద్దామంటే నెలకు సుమారు 7,136. అంటే ఆ అమ్మాయి చేతిలో మిగిలేది 1,131 రూపాయలు. ఇంటికి ఏం పంపుతుంది, జ్వరం వచ్చి వారం సెలవు పెడితే ఏం చేస్తుంది? పదిహేనేళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ 5,803కు తగ్గుతుంది గానీ, మొత్తం మీద కట్టేది పది లక్షలు దాటుతుంది.

అందుకే ఈఎంఐ, చేతికొచ్చే మొదటి జీతంలో నాలుగో వంతు దాటకూడదంటాను. 17,267లో నాలుగో వంతు దాదాపు 4,300. ఇదే వడ్డీకి, పదేళ్ల గడువుకు వెనక్కి లెక్కేస్తే, మొత్తం లోన్ 2,40,000 దాకా తీసుకోవచ్చు. ఏడాదికి 60,000. అంతకు మించిన ఫీజుకు ఇంట్లో డబ్బుంటే సరే, లేకపోతే ఆ కాలేజీ వద్దు.

ఇంత గట్టిగా చెప్పడానికి నా కారణం నాకుంది. నా జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదువుకు మా నాన్న రెండు రూపాయల వడ్డీకి లక్షా ఇరవై వేలు తెచ్చాడు. నెలకు వడ్డీయే 2,400. నా మొదటి జీతం 7,500. రెండేళ్లపాటు అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. పండక్కి ఇంటికెళ్తే నాన్న నా ముఖం చూడలేకపోయేవాడు. బ్యాంకు 10 శాతం మన లెక్కలో నూటికి నెలకు 83 పైసలే. లోన్ తప్పదనుకుంటే బ్యాంకుకే వెళ్లండి, ఊళ్లో వడ్డీకి తేవద్దు. చదువుతుండగానే వడ్డీ కట్టేస్తే ఇంకా మంచిది. మొదటి ఏడాది నెలకు 833, నాలుగో ఏడాదికి 3,333 అవుతుంది. ఈఎంఐ మొదలయ్యేదాకా అలా కడుతూ ఉంటే బాకీ నాలుగు లక్షల దగ్గరే ఆగి, పదేళ్ల ఈఎంఐ 5,286 అవుతుంది.

ఫీజు తగ్గించే దారులు ముందు చూడండి. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు వస్తుందేమో ప్రయత్నించాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. ఆ డబ్బు ఆలస్యమైతే ఎవరు కట్టాలో కాలేజీతో కాగితం మీద రాయించుకోండి. నాతో చదివిన ఒకమ్మాయి సర్టిఫికెట్లు ఈ గొడవలోనే ఎనిమిది నెలలు కాలేజీలో ఉండిపోయాయి. అడ్మిషన్‌కు ముందే యూనిఫాం, పరీక్ష ఫీజు, బస్సు, క్లినికల్ పోస్టింగ్ ఖర్చు అన్నీ కలిపి లెటర్‌హెడ్ మీద తీసుకోండి. కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందో లేదో తప్పక చూడండి. రోగుల దగ్గర చేతులు తిరగని పిల్లకు ఇంటర్వ్యూలో జీతం అడిగే ధైర్యం ఉండదు.

జీఎన్ఎంను తక్కువగా చూడకండి. మూడేళ్లలో అయిపోతుంది, ఒక ఏడాది ముందే జీతం మొదలవుతుంది. యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం ఉంటే ఎయిమ్స్ నర్సు ఉద్యోగాలకు పెట్టే నార్సెట్ పరీక్షా రాయొచ్చు. తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చేసుకోవచ్చు, నేను అలాగే చేశాను.

ప్రభుత్వ ఉద్యోగం సంగతి అందరూ అడుగుతారు. తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల స్కేలు 36,750 నుంచి 1,06,990. 2024లో 2,050 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. చదవండి, రాయండి. కానీ ఆ జీతాన్ని లోన్ లెక్కలో వేయకండి. విదేశీ ఉద్యోగాలకు పంపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్లడమైనా అంతే, భాష నేర్చుకునే నెలల్లోనూ ఈఎంఐ వస్తూనే ఉంటుంది. అవి వచ్చిన రోజు లోన్ ముందే కట్టేయండి.

మా చెల్లి ఆ బ్రోచర్ కాలేజీలో చేరలేదు. కన్వీనర్ కోటాలో సీటు కోసం చూస్తోంది, రాకపోతే జీఎన్ఎం. పోయిన వారం మా ఆస్పత్రి గేటు దగ్గర తనే నిలబడి నలుగురిని అడిగి, జీతాలు నోట్‌బుక్‌లో రాసుకుంది.