కౌమార పాఠకులకు డిస్టోపియా కథ: ఆకలి లెక్కతో మొదలుపెట్టండి

డిస్టోపియా కథ, అంటే అణచివేత రాజ్యమేలే ఊహా ప్రపంచపు కథ, రాయడానికి కూర్చున్నవారు సాధారణంగా ముందుగా నియంతను, అతని కోటను, నిఘా యంత్రాలను ఊహించుకుంటారు. పాఠకులు 12 నుంచి 18 ఏళ్ల వారైనప్పుడు ఈ వరుసను తిరగవేయడం మేలు. కథానాయిక ఇంట్లో ఈ పూటకు ఎంత తిండి ఉంది, దాన్ని ఎందరు పంచుకోవాలి, ఎవరి వాటా ఎంతో నిర్ణయించేది ఎవరు అనే మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకున్న తరువాతే మిగతా ప్రపంచాన్ని కట్టండి. ఆ జవాబులు అంకెల్లో ఉండాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సేనలు సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్‌ను ముట్టడించినప్పుడు, 1941 నవంబరు 20 నుంచి కార్మికులకు రోజుకు 250 గ్రాములు, పిల్లలకు 125 గ్రాముల రొట్టె మాత్రమే దక్కింది. జనం ఆకలితో అలమటించారని పేజీలకొద్దీ రాసినా ఆ అంకెకున్న బలం రాదు, ఎందుకంటే చదివే పిల్లలు దాన్ని తమ కంచంలో పెట్టి చూసుకోగలరు.

లెక్క కుదిరాక, ఆ ఆకలిని నడిపే నియమం ఒక్కటి రాయండి. 2008లో వెలువడిన సుజాన్ కాలిన్స్ నవల 'ది హంగర్ గేమ్స్'లో పేద పిల్లలు కొద్దిపాటి ధాన్యం, నూనె కోసం మృత్యుక్రీడకు తీసే చీటీల్లో తమ పేరును అదనంగా వేయించుకోవచ్చు. అడిగేది పిల్లలే, కాని వారికి మరో దారి లేదు. ఆ రాజ్యం ఎలాంటిదో ఈ ఒక్క బేరంతో తేలిపోతుంది. క్రూరమైన చట్టాలను పదింటిని పేర్చే శ్రమ మీకు అక్కర్లేదు.

అసలు కష్టమంతా ఆత్మగౌరవాన్ని చూపించడంలో ఉంది. కొత్త రచయితలు దాన్ని ఉపన్యాసంగా రాస్తారు (నా తొలి చిత్తుప్రతుల్లోనూ ఖైదీలు ఊపిరాడని గదుల్లో నిలబడి పేజీన్నర మాట్లాడేవారు). బతకడానికి ఏమాత్రం ఉపయోగపడని, పైగా బతుకును మరింత కష్టం చేసే చిన్న పనిలో అది కనబడాలి. అదే లెనిన్‌గ్రాడ్‌లో సోవియట్ వృక్షశాస్త్రజ్ఞుడు వవిలోవ్ సేకరించిన విత్తనాలకు కాపలా ఉన్న శాస్త్రవేత్తల్లో కొందరు వరి గింజలు, వేరుసెనగ గింజలు చేతికందే దూరంలో ఉన్నా ముట్టుకోకుండా ఆకలితోనే మరణించారు. ఈ సంఘటనను మీ కథలోకి ఎత్తి పెట్టుకోనక్కరలేదు. మీ పాత్ర ఎంత ఆకలేసినా దేన్ని తినదో తేల్చుకుంటే చాలు.

ఉదాహరణకు, ఒక అమ్మాయి తనకు మిగిలిన గుక్కెడు నీళ్లతో, చనిపోయిన తోటి ఖైదీ ముఖం కడుగుతుందనుకుందాం. ఈ ఘట్టం పండాలంటే అంతకు ముందు రెండు మూడు అధ్యాయాల్లోనే అక్కడి నీటి కొలత పాఠకులకు కంఠతా వచ్చి ఉండాలి, ముఖం కడిగాక ఆమెకు దాహం వేయాలి, ఆ దాహంతోనే ఆమె మరుసటి రోజు పనికి వెళ్లాలి. మంచి పని చేసింది కదా అని తరువాతి పేజీలో ఊటబావి చూపించారో, ఆమె త్యాగాన్ని మీరే లాభసాటి వ్యాపారంగా మార్చినట్టు.

కథానాయిక కనీసం ఒకసారి దిగజారాలి కూడా. తనకన్నా బలహీనుడి వాటా దొంగిలించవచ్చు, లేదా తన పేరు బయటపడకుండా మరొకరి పేరు చెప్పవచ్చు. ఆ తప్పును క్షమించడానికి తొందరపడకండి. అలాగే రొట్టె తూచే గుమాస్తాకూ ఇంట్లో ఆకలి ఉండాలి. తక్కెడను కాస్త కిందికి నొక్కే అతని వేలు నియంత కన్నా ఎక్కువ భయపెడుతుంది.

హింసను దాచవద్దు, కాని గాయం తగిలిన క్షణం కన్నా మానడానికి పట్టిన రోజులకు ఎక్కువ చోటివ్వండి. ముగింపులో రాజ్యం కూలిపోవాలన్న నియమమేమీ లేదు. లోయిస్ లౌరీ 1993లో రాసిన 'ది గివర్' చివర్లో పసివాడితో పారిపోయిన బాలుడు గమ్యం చేరాడో లేదో ఆ నవల తేల్చి చెప్పదు.

చిత్తుప్రతి పూర్తయ్యాక, తిండి, నీళ్లు, నిద్ర ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా పెన్సిలుతో గీత గీయండి. వరుసగా 20 పేజీల పాటు ఒక్క గీత కూడా పడలేదంటే, మీ పాత్రలు కడుపు నిండినవాళ్లలా మాట్లాడుతున్నాయన్నమాట. అక్కడి సంభాషణలను మళ్లీ రాయండి.