మంచి పని చేసిన పిల్లల్ని బడిలో గుర్తించడం ఎలా: ఒక నోట్‌బుక్, నెలకు నలుగురు

మార్కులకు బహుమతి ఇవ్వడం తేలిక, లెక్క కాగితం మీదే ఉంటుంది. మంచి నడవడికకీ, ఊరికి చేసిన సేవకీ ఇవ్వాల్సి వచ్చేసరికి, వార్షికోత్సవానికి రెండ్రోజుల ముందు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని "ఈసారి ఎవరికిద్దాం?" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి అది క్లాస్ లీడర్‌కో, ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లకో పోతుంది. ఏడాది పొడుగునా ఎవరేం చేశారో ఎక్కడా రాసిపెట్టకపోతే ఇంతే. అందుకే ఈ పని జూన్ 12న బడి తెరిచిన వారంలోనే మొదలుపెట్టాలి. మొదట కొనాల్సింది ఒక నోట్‌బుక్. మెమెంటోల సంగతి తర్వాత చూసుకోవచ్చు, అసలు కొనకపోయినా ఏమీ కాదు.

కింద చెప్పే అంకెలన్నీ ఆరు నుంచి పది తరగతులు, సుమారు 300 మంది పిల్లలు ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకు సరిపోతాయి.

చూసేవాళ్లు, చీటీలు

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఏ4 కాగితాలు 25 నాలుగేసి ముక్కలుగా కోస్తే 100 చీటీలు వస్తాయి, రెండు మూడు నెలలకు సరిపోతాయి. చీటీ మీద నాలుగే గీతలు: తేదీ, చోటు, ఏం చేశారు, చూసిందెవరు.

చీటీలు టీచర్ల దగ్గరే ఉంచితే సగం బడి కంట పడదు. సార్ ఎదురుగా ఉంటే అందరూ బుద్ధిమంతులే. మధ్యాహ్న భోజనం వడ్డించే ఆయమ్మలు, వాచ్‌మన్, పిల్లల్ని తెచ్చే ఆటో డ్రైవర్లు చూసేది వేరు: ఎవరు చివర్లో నిలబడి చిన్నపిల్లల్ని ముందు తిననిస్తున్నారు, ఎవరు తోసుకుంటున్నారు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే పీఈటీ సార్ రాసుకోవాలి. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో చీటీలన్నీ నోట్‌బుక్‌లోకి ఎక్కించాలి. ఒక్క వారం వాయిదా వేస్తే మరుసటి వారం కూడా వాయిదా పడుతుంది. ఈ పథకాలు చాలావరకు ఆగిపోయేది అక్కడే.

చీటీలో గుణాలు రాయనివ్వకండి. "వినయం గల విద్యార్థిని", "క్రమశిక్షణ కలవాడు" అన్న మాటలు ఎవరికైనా అతుకుతాయి, ఎవరికీ ఏమీ చెప్పవు. పని రాయాలి. ఉదాహరణకు: "వానలు పడ్డ వారమంతా చేతులు కడిగే కుళాయి దగ్గర నాచు పట్టిన మెట్టు మీద గోనెసంచి పరిచింది. సాయంత్రం పిండి గోడ మీద ఆరేసి, పొద్దున మళ్లీ పరిచింది. ఎవరూ చెప్పలేదు." ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. విన్న ఆరో తరగతి పిల్లాడికి రేపు తనేం చేయొచ్చో మాత్రం తెలుస్తుంది. సర్టిఫికెట్ మీద కూడా ఇవే వాక్యాలు దించాలి.

ఎంపిక

నెలకు నలుగురు చాలు. సెలవులు తీసేస్తే తొమ్మిది పది నెలలు, అంటే ఏడాదికి 36 నుంచి 40 మంది దాకా వస్తారు. అందరికీ ఒక్కోసారి ఇద్దామనే మంచి మనసున్న టీచరు ప్రతి బడిలోనూ ఉంటారు. ఆ మాట వింటే డిసెంబరుకల్లా పిల్లలు "ఈ నెల మా బెంచీ వంతు" అనడం మొదలుపెడతారు.

ఎంపికకు ముగ్గురు ఉండాలి: ఒక టీచరు, ఒక ఆయమ్మ, బడి కమిటీ నుంచి ఒక తల్లి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలే ఉండాలి కాబట్టి మనిషి దొరకదన్న సమస్య లేదు. ఎంపికప్పుడు మార్కుల రిజిస్టరు బల్ల మీద ఉండకూడదు. నలుగురిలో ఒకరైనా ఆరు, ఏడు తరగతుల వాళ్లు కావాలి. చీటీ రాసినవాళ్లు కాక ఇంకొకరు కూడా ఆ పని చూసి ఉండాలి. ఒకరికి ఏడాదిలో ఒక్కసారే.

పిల్లల చేత ఓట్లు వేయించకండి. అది నడవడికను కొలవదు, ఎవరికెంతమంది స్నేహితులున్నారో కొలుస్తుంది. ఊళ్లో ఉన్న వర్గాలన్నీ కూడా ఆ ఓట్లలోకి వచ్చి కూర్చుంటాయి.

మూడు నెలలకోసారి నోట్‌బుక్ వెనక్కి తిరగేసి చూడండి. అబ్బాయిలకు "సేవ", అమ్మాయిలకు "అణకువ" రాస్తున్నారా? నోరెత్తకపోవడాన్ని గుణంగా లెక్కేస్తున్నారా? తోటి పిల్లను ఏడిపిస్తున్న వాళ్లను నిలదీసిన అమ్మాయికి ఎప్పుడైనా చీటీ పడిందా? అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది చీపురు సంగతి. ఊడవడం, మరుగుదొడ్లు కడగడం ఎప్పుడూ ఆ కొందరు పిల్లల చేతనే చేయించి, చివర్లో సేవ పేరుతో సర్టిఫికెట్ ఇస్తే, అది కులాన్ని చూసి అంటగట్టిన చాకిరీకి వేసిన ముద్ర. పెద్దలు అప్పగించిన ఏ పనీ ఈ నోట్‌బుక్‌లోకి రాకూడదు.

రెండు సందర్భాల్లో వెంటనే ఇవ్వకుండా ఆగాలి. ఎవరైనా పిల్లాడు కాలవలోకో బావిలోకో దూకి ఇంకొకరిని కాపాడితే, ప్రార్థనలో ఒట్టి చప్పట్లు కొట్టిస్తే మరుసటి వారం ఈత రానివాడు కూడా దూకుతాడు. అభినందించండి, అదే నిమిషంలో పెద్దల్ని కేకేయడం, తాడో పొడుగాటి కర్రో అందించడం, 112కి ఫోన్ చేయడం కూడా చెప్పండి. రెండోది, తమ్ముణ్ణి చూసుకోవడానికో కూలికి వెళ్లడానికో బడి మానేస్తున్న పిల్ల. ఆ కష్టం గొప్పదే. అయితే ఆమెకు కావాల్సింది సర్టిఫికెట్ కాదు. ఇంటికి వెళ్లి మాట్లాడాలి, అవసరమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి.

ముందే ఆశ పెట్టకూడదు

అమెరికాలో 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు బొమ్మలు వేయడం ఇష్టపడే నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, ఆ తర్వాత తీరిక వేళల్లో బొమ్మల జోలికి తక్కువగా వెళ్లారు. చెప్పకుండా హఠాత్తుగా ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల కనిపించలేదు. అందుకని "ఈ నెల మొక్కలు నాటినవాళ్లకు బహుమతి" అని బోర్డు మీద రాయకండి. రాస్తే మొక్క పక్కన ఫొటో దిగడం ఎక్కువవుతుంది, నీళ్లు పోసేవాళ్లు తగ్గుతారు. గంటల లెక్కలు, పాయింట్ల పట్టికలు కూడా వద్దు.

ఇచ్చే రోజు

నెలలో ఆఖరి శనివారం ప్రార్థనలో, పది నిమిషాలు మించకుండా ముగించండి. చీటీలోది చదవాలి, చూసినవాళ్లే సర్టిఫికెట్ చేతికివ్వాలి. ఆయమ్మ చూస్తే ఆయమ్మే ఇవ్వాలి. శాలువాలు, ముఖ్య అతిథి ప్రసంగాలు మొదలయ్యాయంటే ఎండలో నిలబడ్డ పిల్లలు కళ్లు తిరిగి పడిపోవడమే మిగులుతుంది.

సర్టిఫికెట్ 250 లేదా 300 జీఎస్ఎం మందం కాగితం మీద తెలుగులో ఉండాలి. పేరు ఆధార్‌లో ఉన్నట్టు కాకుండా అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నట్టు రాయండి, బడిలో చూసి సరిచేసుకోగలిగేది అదే. సాయం పొందిన పిల్లవాడి పేరు మాత్రం ఎక్కడా రావద్దు. "నడవలేని ఫలానా వాణ్ణి మోసుకెళ్లాడు" అని మైకులో చదివితే ఒకరికి సన్మానం, ఇంకొకరికి తలవంపు. "తోటి విద్యార్థికి" అంటే చాలు. నలుగురి ముందు నిలబడటానికి బిగుసుకుపోయే పిల్లలుంటారు, క్లాస్ టీచర్‌కు వాళ్లెవరో తెలుసు. వాళ్లకు తరగతిలోనే ఇవ్వండి. వాట్సాప్ గ్రూపులోకి ఫొటో పంపేముందు తల్లిదండ్రుల్ని అడగండి.

తల్లిదండ్రుల్ని పగటిపూట పిలిస్తే ఒక రోజు కూలి పోతుంది. సాయంత్రం ఏడు దాటాక ఫోన్ చేయండి. బడి నుంచి ఫోన్ అంటే ఏదో తప్పు చేశాడనే అనుకుంటారు, అందుకని మొదటి మాట "కంగారు పడకండమ్మా, మంచి మాటే" అని ఉండాలి. తర్వాత చీటీ యథాతథంగా చదివి వినిపించండి.

పెద్ద స్థాయిలో పేరు పంపాల్సి వస్తే ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం ఉంది. 5 నుంచి 18 ఏళ్ల పిల్లలకు సాహసం, సామాజిక సేవ, పర్యావరణం వంటి విభాగాల్లో ఇస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, గడువు ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. అక్కడ అడిగేది కూడా ఎప్పుడు, ఎక్కడ, ఏం చేశారనే. తేదీలతో సహా నోట్‌బుక్‌లో ఉంటే గంటలో నింపేయొచ్చు.

ఏప్రిల్‌లో ఆఖరి పేజీ మీద హెచ్ఎం సంతకం చేయించి, నోట్‌బుక్‌ను అడ్మిషన్ రిజిస్టర్ల బీరువాలో పెట్టించండి. బదిలీ అయిన టీచర్ బ్యాగులో అది వెళ్లిపోతే జూన్‌లో మళ్లీ మొదటికే.