బగ్గీ వెనక చక్రాలకు డిస్క్ బ్రేకులు బిగించుకోవడం

వాగు దాటి గట్టెక్కాక బ్రేకు తొక్కితే బండి ఆగకుండా జారుకుంటూ పోయింది. వెనక బ్రేకు డ్రమ్ములు తీసేసి డిస్కులు వేయాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. డ్రమ్ములోకి దూరిన నీళ్లు, ఇసుక ఓ పట్టాన బయటికి రావు. డ్రమ్ము లోపలి గోడను ఒత్తే షూ తడిస్తే పట్టు కోల్పోతుంది, ఇసుక షూ మీది లైనింగును తినేస్తుంది. డిస్కుకు మూత లేదు కాబట్టి తిరిగే వేగానికే నీళ్లు చిమ్మేస్తుంది. నాది పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఛాసిస్ మీద కట్టిన బగ్గీ. ఇక్కడ చెప్పేదంతా ఆ రకం బళ్ల గురించే.

కిట్టు కొనేముందు బండి కిందికి దూరి ఇరుసు ఏ రకమో చూసుకోండి. స్వింగ్ యాక్సిల్‌కి (గేరుబాక్సు దగ్గర మాత్రమే కీలు ఉండే ఇరుసు) ఒక కిట్టు, ఐఆర్ఎస్‌కి (ఇరుసుకు రెండు చివర్లా కీళ్లు ఉండే రకం) వేరే కిట్టు. స్వింగ్ యాక్సిల్‌లోనూ పాతవి పొట్టి ఇరుసులు, తర్వాత వచ్చినవి పొడుగు ఇరుసులు. చక్రం బోల్టులు కూడా లెక్కపెట్టండి. పాతవాటికి 205 మి.మీ. వలయం మీద 5 బోల్టులు, తర్వాతి వాటికి 130 మి.మీ. వలయం మీద 4. బగ్గీలు చేతులు మారుతూ, భాగాలు మార్చుకుంటూ వస్తాయి కాబట్టి కాగితాల్లో ఉన్న సంవత్సరాన్ని నమ్మకండి, కొలిచి చూడండి. ఇంకో మాట: కాలిపర్‌లోనే (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగం) హ్యాండ్ బ్రేకు మీట ఉన్న కిట్టే తీసుకోండి. మీట లేనివి చవకగా దొరుకుతాయి. కానీ డ్రమ్ముతో పాటే పాత హ్యాండ్ బ్రేకూ పోతుంది, ఇక వాలులో బండిని పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

పని మొదలయ్యేది ఇరుసు నట్టు దగ్గర. 36 మి.మీ. నట్టు, దాన్ని 294 న్యూటన్ మీటర్లకు బిగిస్తారు. అంటే 75 కిలోల మనిషి 40 సెంటీమీటర్ల పిడి చివర వేలాడినంత బలం. ఏళ్ల తరబడి తుప్పు పట్టి ఉంటే అంతకు రెట్టింపు కావాలి. అందుకే జాకీ ఎత్తకముందే, చక్రాలు నేల మీద ఉండగానే ఈ నట్టు వదులు చేయాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టండి, మొదటి గేరు వేయండి, హ్యాండ్ బ్రేకు లాగండి, ఒకరిని బ్రేకు పెడల్ తొక్కి పట్టి కూర్చోమనండి. స్ప్లిట్ పిన్ను తీసి, ముప్పావు అంగుళం డ్రైవు సాకెట్టుకి పొడవాటి ఇనుప గొట్టం తొడిగి, నిదానంగా బరువు మోపండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టే వాళ్లను చూశాను. నట్టు గాళ్లు చితికిపోతాయి, ఒక్కోసారి ఇరుసు మర కూడా పాడవుతుంది.

నట్టు కదిలాక జాకీ ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలు విప్పండి. హ్యాండ్ బ్రేకు వదిలి, షూ సర్దుబాటు పళ్లచక్రాలను వెనక్కి తిప్పితే డ్రమ్ము జారి వస్తుంది. రాకపోతే పుల్లర్ వాడండి, అంచు మీద కొట్టకండి. లోపలి దుమ్మును గాలి పెట్టి ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి. షూలు, స్ప్రింగులు తీసి, హ్యాండ్ బ్రేకు కేబుల్ ఊడదీసి, షూలను నెట్టే వీల్ సిలిండర్‌కు వచ్చే గొట్టం విప్పి దాని మూతి మూయండి. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి.

షూలు అమర్చి ఉండే వెనక పళ్లేన్ని (బ్యాకింగ్ ప్లేటు) పట్టుకున్నవి నాలుగే బోల్టులు. అవి విప్పితే బేరింగు మూత వస్తుంది. స్వింగ్ యాక్సిల్ అయితే గేరు ఆయిల్ కారుతుంది, కింద గిన్నె పెట్టుకోండి. ఇంత దూరం విప్పాక పాత ఆయిల్ సీలునే మళ్లీ వేయొద్దు. సీలు, కాగితం గాస్కెట్టు, ఓ-రింగులు అన్నీ కొత్తవి వేయండి. సీలు కారితే ఆ ఆయిల్ నేరుగా కొత్త డిస్కు మీదే పడుతుంది.

పళ్లెం ఉన్నచోట కాలిపర్ బ్రాకెట్ పెట్టి అవే నాలుగు బోల్టులు బిగించండి. డిస్కు, హబ్బు ఎక్కించి కాలిపర్ తొడగండి. డిస్కు రెండు ప్యాడ్లకు సరిగ్గా మధ్యలో రావాలి. ఒక పక్కకు జరిగితే కిట్టులో వచ్చిన షిమ్ములు (పల్చటి రేకులు) వేసి సరిచేయండి. గాలి తీసే నిపుల్ పైకి ఉండాలి. కిందికి ఉందంటే కుడి ఎడమ కాలిపర్లు తారుమారయ్యాయని అర్థం. అలా వదిలేస్తే ఎన్నిసార్లు బ్లీడింగ్ చేసినా (గాలి తీసినా) పైన గాలి మిగిలిపోతుంది. చక్రం ఒకసారి తొడిగి తిప్పి చూడండి, రిమ్ము లోపలి వైపు కాలిపర్‌కు తగలకూడదు.

ఆయిల్ పోశాక మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి నెట్టే భాగం) అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి గాలి తీయండి. హ్యాండ్ బ్రేకు మీట ఉన్న కాలిపర్లయితే ముందుగా ఆ మీటను చాలాసార్లు లాగి వదిలి ప్యాడ్లను డిస్కు దగ్గరికి తేవాలి. లేకపోతే పెడల్ అడుగు దాకా పోతుంది, మనమేమో గాలి ఉందనుకుని తెల్లవార్లూ నిపుల్ తిప్పుతుంటాం.

నేను అసలు దెబ్బతిన్నది ఆ తర్వాత. పెడల్ గట్టిగా ఉంది, బండి బాగా ఆగుతోంది. నాలుగు కిలోమీటర్లు పోయాక కాలిన వాసన వచ్చింది. దిగి చూస్తే వెనక రిమ్ములు చెయ్యి పెట్టలేనంత వేడి. చల్లారాక ఇంటికి తెచ్చి జాకీ ఎత్తాం. తమ్ముడు చక్రం పట్టుకుని, "అన్నా, కదలట్లేదు" అన్నాడు. నిపుల్ పావు చుట్టు తిప్పాను. చుర్రుమని కాస్త ఆయిల్ చిమ్మింది, వెంటనే చక్రం తిరిగింది. అంటే కాలిపర్ బిగుసుకోలేదు, గొట్టంలో ఒత్తిడి ఇరుక్కుపోయింది. డ్రమ్ము లైన్లలో సుమారు 10 పీఎస్‌ఐ ఒత్తిడిని పట్టి ఉంచే రెసిడ్యువల్ వాల్వు ఉంటుంది. షూలను వెనక్కి లాగడానికి గట్టి స్ప్రింగులున్నాయి కాబట్టి డ్రమ్ముకు అది నప్పుతుంది. కాలిపర్‌కు అలాంటి స్ప్రింగు లేదు, ఆ కొద్దిపాటి ఒత్తిడికే ప్యాడ్లు డిస్కును రాసుకుంటూ ఉంటాయి. వెనక లైను మీదున్న ఆ వాల్వును తీసేయండి. మాస్టర్ సిలిండర్ కాలిపర్ల కంటే కింద ఉంటే దాని బదులు 2 పీఎస్‌ఐ వాల్వు పెట్టండి, ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఉంటుంది.

ఖాళీ మైదానంలో మెల్లగా మొదలుపెట్టి, వేగం తగ్గిస్తూ పెంచుతూ, మధ్యమధ్య చల్లారనిస్తూ ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేయండి. తర్వాత గట్టిగా తొక్కి చూడండి. వెనక చక్రాలే మొదట బిగుసుకుంటే బండి గిరగిరా తిరుగుతుంది. అలాంటప్పుడు వెనక లైనులో ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టి, ముందు చక్రాలే మొదట బిగుసుకునేదాకా ఒత్తిడి తగ్గించండి. ముందు డ్రమ్ములే ఉంటే వాటి షూలను కూడా ఆ రోజే సర్దుకోండి.

ఇరుసు నట్టు చివరి బిగింపు కూడా చక్రాలు నేల మీద ఉండగానే, అదే 294కి. పిన్ను రంధ్రం ఎదురు రాకపోతే ఇంకాస్త బిగించాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. మొదటిసారి నడిపి వచ్చాక మళ్లీ టార్క్ రెంచ్ పెట్టి చూడండి. నాది ఎడమ వైపు నట్టు అప్పుడు మరో పావు చుట్టు పట్టింది. ఆ బిగింపు అయ్యాకే కొత్త స్ప్లిట్ పిన్ను వేసి కొనలు మడిచాను.