గోదారి వంట నేర్చుకుందాం – 3వ పాఠం: ఆవ పెట్టడం

కిందటి పాఠంలో పనసపొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు పిండేశాం. విదేశాల్లో డబ్బా పనస వాడేవాళ్ళు ఉప్పునీళ్ళలో ఉన్న లేతకాయే కొనండి. పాకంలో ఊరింది పండు, కూరకి పనికిరాదు.

ఇవాళ ఆవ, అంటే పచ్చి ఆవాలు నూరిన ముద్ద. కోనసీమ పెళ్ళి భోజనంలో పనసపొట్టు కూరకి అంత పేరు తెచ్చేది ఇదే. అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అన్నీ అమ్మమ్మ చెప్పినట్టే వేస్తారు, ఘాటు మాత్రం రాదు.

కారణం ఉంది. ఆవగింజ నలిగి నీళ్ళు తగిలాకే అందులోని ఎంజైమ్ పనిచేసి ఘాటు పుడుతుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు కమ్మగా ఉంటాయి గానీ ముక్కుకెక్కవు. ఒకే కూరలో ఆవాలు రెండు రకాలుగా పనిచేస్తాయి, నాకు ఈ వంటలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

అరకిలో పొట్టుకి రెండు చెంచాల నల్ల ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు. పసుపు రంగు ఆవాలు వద్దు, వాటి ఘాటు నాలుక దగ్గరే ఆగిపోతుంది. చన్నీళ్ళతో మెత్తగా నూరి పది నిమిషాలు వదిలేయండి. చింతపండు గుజ్జు ఇప్పుడే కలపకండి, పులుపు ముందే తగిలితే ఘాటు సరిగ్గా రాదు.

ఈలోగా మినప్పప్పు, శనగపప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టండి. నూనె ధారాళంగా పొయ్యండి, పొట్టు బాగా పీలుస్తుంది. చింతపండు గుజ్జు పోసి పచ్చివాసన పోయేదాకా మగ్గించి, పొట్టు వేసి తిప్పి, స్టవ్ ఆపేయండి. గోరువెచ్చగా అయ్యాక ఆవముద్ద, చెంచాడు పచ్చి నువ్వులనూనె కలపండి. గంటసేపు ఊరితే ఘాటు కూరంతా పడుతుంది. తినేటప్పుడు నషాళానికి అంటాలి.

ఈ వారం హోంవర్క్: అమ్మమ్మకో నానమ్మకో వీడియో కాల్ చేయండి. "ఎంత వెయ్యాలి?" అంటే "నీకు తెలీదేంటే, చూసి వేసుకో" అంటారు. "దేని తర్వాత ఏది? స్టవ్ ఎప్పుడు ఆపుతావు?" అని అడగండి. కొలతలు మీ చేతికి మెల్లగా అవే వస్తాయి, వరస మాత్రం వాళ్ళ నోటి నుంచే రావాలి. రికార్డ్ చేసుకోండి.

వచ్చే పాఠంలో ఇదే ఆవతో పులిహోర, అరటికాయ కూర.